వీడీఆర్ జన్యువులో తేడా ఉందంట, అందుకే లావంట... నిజమేనా?

బురుజు_బాబు (కర్నూలు)
మా ఆఫీసులో హెల్త్ ప్యాకేజీ అని చెప్పి ఒక కంపెనీ వాళ్లు అందరి దగ్గరా ఉమ్మి శాంపిల్ తీసుకుపోయారు. డబ్బులు జీతంలో కోసుకున్నారు. తర్వాత ఒక లావుపాటి పీడీఎఫ్ పంపారు, సగం రంగురంగుల బొమ్మలే. నాకు అర్థమైంది ఇంతే: వీడీఆర్ అనే జన్యువులో ఫోక్-1 అనే చోట నాకు రెండు కాపీలూ "చిన్న ఎఫ్" రకమేనంట. దాని పక్కన ఎర్ర అక్షరాలతో "ఊబకాయం ముప్పు: అధికం" అని రాశారు.

నా బరువు 94 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. విటమిన్ డి 11 వచ్చింది, బాగా తక్కువంట. రిపోర్టు వచ్చిన మర్నాడే ఫోన్. "సర్, మీ జన్యువుకు తగ్గట్టు తయారుచేసిన పొడులు, మాత్రలు ఆరు నెలల కోర్సు ఉంది" అంటున్నారు. ధర వింటేనే టెన్షన్ పట్టుకుంది.

మా ఆవిడేమో "జన్యువూ లేదు గిన్యువూ లేదు, పొద్దున ఉగ్గాని బజ్జి, సాయంత్రం మళ్లీ బజ్జి, ముందు అవి మాను" అంటోంది. నేను అడిగేది రెండే. ఈ తేడా వల్లే నేను లావయ్యానా? విటమిన్ డి వేసుకుంటే తగ్గుతానా?

ఉగ్గాని_బజ్జి (ఆదోని)
మధ్యలో నన్నెందుకు లాగుతారు సామీ?

తుంగభద్ర_గట్టు
కర్నూలు ఎండలో ఉంటూ విటమిన్ డి 11 ఏంది అన్నా! రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊరు మనది. ముందు ఆ ల్యాబే మార్చు.

ల్యాబ్_లచ్చన్న (అనంతపురం)
ల్యాబ్ తప్పు కాకపోవచ్చు. నేను ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా. మన జిల్లాల్లో 20 దాటిన రిపోర్టు చూస్తే ఇంకోసారి పేరు సరిచూసుకునే పరిస్థితి.

బాబు గారూ, ముందు ఆ పేర్లకు భయపడకండి. వీడీఆర్ అంటే విటమిన్ డి రిసెప్టర్. ఎండలో మన చర్మం తయారుచేసిన డి అయినా, మాత్రగా మింగిన డి అయినా నేరుగా పనిచేయదు. కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఇంకోసారి మారాలి. మారినది కణంలోకి పోయి ఈ రిసెప్టర్‌ను పట్టుకుంటేనే పని మొదలవుతుంది. పేగుల్లో, ఎముకల్లోనే కాదు, కొవ్వు కణాల్లోనూ ఈ రిసెప్టర్ ఉంటుంది. అందుకే ఊబకాయంతో దీనికేమైనా సంబంధం ఉందా అని వెతకడం మొదలుపెట్టారు. జన్యువు ఉండేది 12వ క్రోమోజోమ్ మీద.

ఫోక్-1, బీఎస్‌ఎమ్-1, ఏపీఏ-1, టాక్-1 అనేవి జబ్బుల పేర్లు కావు. బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైముల పేర్లు. ఒక్కోటి డీఎన్‌ఏను ఒక్కో రకం అక్షరాల వరస దగ్గర కోస్తుంది. ఆ వరసలో ఒక్క అక్షరం మారినా కోయదు. వెనకటికి మేం జెల్ మీద గీతలు చూసి కోసిందా లేదా అని రాసుకునేవాళ్లం. ఆ ఎంజైము పేర్లే తేడాలకు నిలిచిపోయాయి.

ఈ నాలుగింట్లో రిసెప్టర్ ప్రోటీన్‌ను మార్చేది ఫోక్-1 ఒక్కటే. చిన్న ఎఫ్ అయితే ప్రోటీన్ 427 అమైనో ఆమ్లాల పొడవు, పెద్ద ఎఫ్ అయితే 424. పొట్టిదే కాస్త చురుకు. మీది పొడుగు రకం, కొంచెం మందకొడి. ఇంతవరకు రిపోర్టు అబద్ధం చెప్పలేదు. ఇక్కడి నుంచి "ఊబకాయం ముప్పు: అధికం" దాకా ఎట్లా దూకిందో అదే నాకు తెలియడం లేదు.

తుంగభద్ర_గట్టు
రిసెప్టర్ మందకొడి అయితే డి పనిచేయదు, డి పనిచేయకపోతే కొవ్వు పేరుకుంటుంది. లాజిక్ సరిగ్గానే ఉంది కదా?

జీవశాస్త్రం_మేడమ్ (కడప)
వినడానికి సరిగ్గానే ఉంటుంది. ఎలుకలు మాత్రం దీనికి ఒప్పుకోలేదు. వీడీఆర్ జన్యువును పూర్తిగా తీసేసిన ఎలుకలకు కొవ్వు తిండి పెడితే అవి లావెక్కలేదు, మామూలు ఎలుకల కంటే బక్కగానే ఉన్నాయి. ఎలుకల కొవ్వు కణాల్లో మనిషి వీడీఆర్ ఎక్కువగా తయారయ్యేలా చేస్తే అవి లావెక్కాయి. మీ లాజిక్ ప్రకారం ఇది తిరగబడాలి.

అట్లాగని బాబు గారి మందకొడి రిసెప్టర్ ఆయన్ను సన్నబరుస్తుందని నేను చెప్పడం లేదు. రిసెప్టర్ అసలే లేకపోవడం వేరు, కాస్త నెమ్మదిగా ఉండటం వేరు. మనుషుల్లో వీడీఆర్ పూర్తిగా పాడైతే వచ్చేది ఊబకాయం కాదు, మందులకు లొంగని రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు. కొందరు పిల్లలకు జుట్టు కూడా ఊడిపోతుంది. చాలా అరుదైన జబ్బు. బాబు గారిది అది కాదు.

ఉగ్గాని_బజ్జి
జుట్టు సంగతి బాబన్న చెప్పనేలేదు. ఫోటో పెట్టు అన్నా.

బురుజు_బాబు
జుట్టు ఉంది. ఉన్నది బొజ్జ సమస్య. దారి మళ్లించొద్దు.

సీమ_సరుకు (నంద్యాల)
అందరూ కొట్టిపారేస్తున్నారు కానీ నాకు విటమిన్ డి పనిచేసింది. నాకూ తక్కువే ఉండేది, డాక్టర్ వారానికి ఒక 60 వేల యూనిట్ల సాచెట్ రాశారు. రెండు మూడు నెలల్లో ఒళ్లు నొప్పులు పోయాయి, బరువూ తగ్గింది. జన్యువు సంగతి నాకు తెలియదు గానీ డికి, బరువుకు సంబంధం లేదంటే ఒప్పుకోను.

ల్యాబ్_లచ్చన్న
సంబంధం లేదని ఇక్కడ ఎవరూ అనలేదు. ఏది ముందు, ఏది వెనక అన్నదే గొడవ. నొప్పులు పోయాక మీరు నడక మొదలుపెట్టారా?

సీమ_సరుకు
మొదలుపెట్టా. టీలో చక్కెర కూడా మానేశా. అయినా మొదటి అడుగు వేయించింది డి యే కదా. మోకాళ్లు నొస్తుంటే నడిచేవాడినా?

జీవశాస్త్రం_మేడమ్
ఆ మాటలో న్యాయం ఉంది. డి బాగా తక్కువగా ఉంటే కండరాల నీరసం, ఎముకల నొప్పి వస్తాయి. అది సర్దుకుంటే మనిషి కదులుతాడు. కానీ డి తనంతట తాను కొవ్వును కరిగిస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని పరీక్షించారు కూడా. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో మెనోపాజ్ దాటిన 36 వేలమందికి పైగా ఆడవాళ్లలో సగం మందికి కాల్షియం, రోజుకు 400 యూనిట్ల డి ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు. ఏడేళ్లు చూస్తే రెండు గుంపుల మధ్య బరువులో తేడా సగటున 130 గ్రాములు.

ఉగ్గాని_బజ్జి
130 గ్రాములా! అది నేను పొద్దున కాగితంలో చుట్టుకుని పోయే పొట్లం బరువు.

తుంగభద్ర_గట్టు
400 యూనిట్లు చిన్న డోసు కదా మేడమ్. అంత తక్కువిస్తే ఏం తెలుస్తుంది?

జీవశాస్త్రం_మేడమ్
మంచి ప్రశ్న, ఆ డోసు తక్కువే. తర్వాత పెద్ద డోసులతోనూ చేశారు. చెప్పుకోదగ్గంత బరువు తగ్గలేదు.

మగ్గం_ఇల్లు (ధర్మవరం)
మా ఇంట్లో అందరిదీ మగ్గం పనే. మా అమ్మ పొద్దున గుంతలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేది. వెలుగు కిటికీలోంచి వచ్చిందే. అమ్మకు డి 7 వచ్చింది. మనిషేమో కట్టెపుల్లలా ఉంటుంది, 45 కిలోలు లేదు. మా మేనమామ బెంగళూరులో ఆఫీసు ఉద్యోగం, ఆయనకూ డి 9. ఆయన నూరు కిలోలు. డి తక్కువైతే లావైపోతారు అంటే మా అమ్మను ఏ లెక్కలో వేయాలి?

ల్యాబ్_లచ్చన్న
మీ అమ్మగారి లెక్క సులువు, ఎండ లేదు. కిటికీ వెలుగుతో పని జరగదు. డి తయారు కావాలంటే అతినీలలోహిత బి కిరణాలు చర్మం మీద పడాలి. అద్దం వాటిని ఆపేస్తుంది. మీ మామ దగ్గర ఇంకో కారణం కూడా కలిసింది, ఆయన ఒళ్లే.

విటమిన్ డి కొవ్వులో కరుగుతుంది. పప్పులో ఒక చెంచా ఉప్పు వేశామనుకోండి, ఇంటి గిన్నెలో అయితే సరిపోతుంది, పెళ్లి బాండీలో అయితే చప్పగా ఉంటుంది. ఒళ్లు పెద్దదైతే అదే డి ఎక్కువ చోటులో పరుచుకుంటుంది, రక్తంలో తక్కువ కనబడుతుంది. 2000లో ఒక అమెరికన్ బృందం లావైనవాళ్లకూ సన్నవాళ్లకూ ఒకే మోతాదు కిరణాలు పట్టింది. చర్మంలో తయారీ సామర్థ్యం ఇద్దరికీ ఒకటే. రక్తంలో పెరిగిన డి మాత్రం లావైనవాళ్లలో 57 శాతం తక్కువ. అందుకే లావైనవాళ్లకు డాక్టర్లు రెండు మూడింతల డోసు ఇస్తుంటారు.

ప్రొద్దుటూరు_పుల్లయ్యమనవడు
అంటే లావు వల్ల డి తగ్గుతుంది, డి తగ్గడం వల్ల లావు కాదు. అంతేనా?

జీవశాస్త్రం_మేడమ్
ఎక్కువ ఆధారాలు అటే ఉన్నాయి. దీన్ని తేల్చడానికి జన్యువులనే వాడుకున్నారు. నాకు బాగా నచ్చిన పని ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

మనం లావా సన్నమా అన్నది తిండి, నిద్ర, ఉద్యోగం, ఎన్నింటి మీదో ఆధారపడుతుంది. వాటిలో ఏది దేనికి కారణమో విడదీయడం కష్టం. కానీ మన జన్యువులు పుట్టకముందే ఖాయమైపోతాయి. మనం బజ్జీలు తిన్నామని అవి మారవు. అందుకని బరువును పెంచే జన్యు రకాలు ఉన్నవాళ్లలో డి తక్కువగా ఉందా, డిని తగ్గించే జన్యు రకాలు ఉన్నవాళ్లు లావుగా ఉన్నారా అని రెండు వైపులా చూస్తే బాణం ఎటు పోతుందో తెలుస్తుంది. 2013లో ప్లాస్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో అట్లాంటి పేపర్ వచ్చింది. 21 అధ్యయనాలు కలిపి సుమారు 42 వేలమంది. మొదటి ప్రశ్నకు అవును అని వచ్చింది, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చూసే లెక్క) పది శాతం పెరిగితే డి దాదాపు నాలుగు శాతం తగ్గింది. రెండోదానికి ఏమీ దొరకలేదు. డి తగ్గించే రకాలున్నవాళ్లు ప్రత్యేకంగా లావేం కాలేదు.

ఏడురోడ్ల_కాడ (కడప)
ఆ 42 వేలమందీ తెల్లవాళ్లే కదా మేడమ్? యూరప్, ఉత్తర అమెరికా. మన చర్మం వేరు, మన తిండి వేరు, మన ఒళ్లు వేరు. వాళ్ల లెక్క తెచ్చి మన సీమోళ్లకు అంటించడం నాకు సరిగ్గా అనిపించదు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారి ఫోటో చూశారా? ఆయన, లండన్ డాక్టర్ యూడ్కిన్ పక్కపక్కనే నిలబడి తీయించుకుని 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యూడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. అట్లాంటప్పుడు బీఎంఐ మీద కట్టిన లెక్కలు మనకెందుకు పనికొస్తాయి?

జీవశాస్త్రం_మేడమ్
తెల్లవాళ్లే, నిజం. మీ అభ్యంతరం సరైనదే. కాబట్టే మనవాళ్లకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని గీత కిందికి దించారు. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. కానీ ఈ అభ్యంతరం బాబు గారి రిపోర్టుకు ఇంకా గట్టిగా తగులుతుంది కదా? పెద్ద అధ్యయనం తెల్లవాళ్లదని తోసేస్తే, నూరో రెండు నూర్లో మందితో అక్కడక్కడా చేసిన చిన్న పేపర్లను పట్టుకుని ఎర్ర అక్షరాలు ఎట్లా రాస్తారు?

ఏడురోడ్ల_కాడ
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా నా అనుమానం నాది.

హెల్త్‌కోచ్_2020
ఇక్కడ చాలామంది జెనెటిక్స్ మీద నెగటివ్‌గా మాట్లాడుతున్నారు. వీడీఆర్ మీద వందల పేపర్లున్నాయి. ఫోక్-1, టాక్-1 ఊబకాయంతో ముడిపడి ఉన్నాయని చాలా దేశాల్లో తేలింది. భవిష్యత్తు అంతా పర్సనలైజ్డ్ న్యూట్రిషన్‌దే. బాబు గారు నాకు మెసేజ్ పెడితే డిస్కౌంట్ కోడ్ ఇప్పిస్తాను.

ల్యాబ్_లచ్చన్న
ముడిపడి ఉన్నాయన్న పేపర్లు ఉన్నాయి. లేవన్నవీ ఉన్నాయి. ఒక చోట చిన్న ఎఫ్ చెడ్డదంటారు, ఇంకో చోట పెద్ద ఎఫ్ చెడ్డదంటారు, మూడో చోట ఆడవాళ్లలోనే అంటారు. మీ కోర్సులో చిన్న ఎఫ్ వాళ్లకు ఇచ్చే పొడికీ పెద్ద ఎఫ్ వాళ్లకు ఇచ్చే పొడికీ తేడా ఏమిటో చెప్పండి చాలు.

హెల్త్‌కోచ్_2020
అది మా ఫార్ములా, బయటికి చెప్పకూడదు.

ఉగ్గాని_బజ్జి
మా అవ్వ కారప్పొడి ఫార్ములా కూడా ఇంతే.

మోడరేటర్
అమ్మకాలు, కోడ్‌లు ఇక్కడ వద్దు. ఇంకోసారి పెడితే ఐడీ తీసేస్తాం.

జీవశాస్త్రం_మేడమ్
"వందల పేపర్లున్నాయి" అన్న మాట వినగానే ఈ జన్యువు పాత కథ గుర్తొచ్చింది. 1994లో నేచర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. ఎముకల సాంద్రత మీద జన్యువుల ప్రభావంలో ముప్పావు వంతు దాకా ఈ వీడీఆర్ తేడాలదేనని రాశారు. ప్రపంచమంతా ఎగబడింది. ప్రతి యూనివర్సిటీలో ఎవరో ఒకరు వీడీఆర్ చేసినవాళ్లే. పరీక్ష చౌక, ఎంజైము ఉంటే చాలు. 1997లో ఆ మొదటి బృందమే కొన్ని శాంపిళ్లలో తప్పులు దొర్లాయని సవరణ వేసుకుంది. 2006లో యూరప్ వాళ్లు 26 వేలమందికి పైగా కలిపి చూస్తే ఫోక్-1, బీఎస్‌ఎమ్-1, ఏపీఏ-1, టాక్-1, వీటిలో దేనికీ ఎముకల సాంద్రతతో గానీ, విరగడంతో గానీ సంబంధం కనబడలేదు. సీడీఎక్స్-2 అనే ఇంకో తేడాకు మాత్రం వెన్నుపూస విరుగుళ్లతో కొద్దిపాటి సంబంధం కనిపించింది.

ఎముకల దగ్గరే, అంటే విటమిన్ డి సొంతింట్లోనే ఇట్లా అయింది. ఊబకాయం దగ్గర నేను ఇంకా జాగ్రత్తగా ఉంటాను. పైగా రక్తంలో డి ఎంత ఉండాలో నిర్ణయించే జన్యువుల కోసం 2010లో వేలమంది మీద జన్యుపటం మొత్తం గాలిస్తే పైకి తేలినవి జీసీ, డీహెచ్‌సీఆర్7, సీవైపీ2ఆర్1 లాంటివి. డిని మోసుకుపోయేవి, తయారుచేసేవి. వీడీఆర్ ఆ ముందు వరసలో లేదు.

తుంగభద్ర_గట్టు
మరి లావుకు అసలు జన్యువే లేదా? మా ఇంట్లో జేజినాయన నుంచి నా దాకా అందరివీ ఒకే బొజ్జలు. ఫోటోలు వరసగా పెడితే బొజ్జ ఒక్కటే పెరుగుతూ వచ్చినట్టుంటుంది.

ల్యాబ్_లచ్చన్న
లేకేం, బాగానే ఉన్నాయి. ఒక్కటి కాదు, వందలు. అన్నింట్లో గట్టిది ఎఫ్‌టీఓ, 2007లో దొరికింది. దాంట్లో రెండు కాపీలూ చెడ్డవే ఉన్నా సగటున ఎక్కువయ్యేది మూడు కిలోలు. అంత గట్టి జన్యువే మూడు కిలోలు అయితే మిగతావాటి సంగతి ఆలోచించండి. శరీరాన్ని కదిలించేవాళ్లలో ఎఫ్‌టీఓ ప్రభావం పావు వంతుకు పైగా తగ్గుతుందని రెండు లక్షలమందికి పైగా చూసి 2011లో చెప్పారు.

తుంగభద్ర_గట్టు
మా జేజినాయన పొద్దుటి నుంచి సందె దాకా చేన్లోనే ఉండేవాడు. ఆయన బొజ్జ చిన్నదే లెండి. నేను ఉండేది కుర్చీలో.

గుంతపొంగనం (అనంతపురం)
ఇంతసేపు చదివాను. ఒక మాట చెప్పాలి. నాకు పీసీఓడీ ఉంది, అదే అండాశయాల హార్మోన్ల సమస్య. పెళ్లయినప్పటి నుంచి నా ఒళ్లు గురించి మాట్లాడని మనిషి లేరు. మా అత్తగారు చుట్టాల ముందు "మా కోడలు తినేది తక్కువేమీ కాదు" అంటారు. నేను రాత్రి ఒక రొట్టె తిని పడుకుంటాను. నేనూ బాబు గారి లాంటి పరీక్షే చేయించుకున్నాను. రిపోర్టులో "జన్యుపరంగా ముప్పు" అని రాగానే ప్రింట్ తీసి ఇంట్లో పెట్టాను. ఆ రోజు నుంచి మాటలు తగ్గాయి. మా అత్తగారే ఇప్పుడు "పాపం దానికి జన్యువు" అంటున్నారు. మీరంతా దాన్ని చెత్త అంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

మగ్గం_ఇల్లు
అక్కా, ఆ ప్రింట్ దాచిపెట్టు. ఈ థ్రెడ్ మీ అత్తగారికి చూపించొద్దు.

జీవశాస్త్రం_మేడమ్
మీ రిపోర్టును మీ నుంచి లాక్కోవాలని నాకు లేదమ్మా. కానీ ఆ నింద తప్పు అని చెప్పడానికి ఆ కంపెనీ కాగితం అక్కర్లేదు. పీసీఓడీలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, బరువు తగ్గడం మామూలువాళ్ల కన్నా కష్టం. మీ డాక్టర్ అదే మాట మీ అత్తగారికి చెబితే ఇంకా గట్టిగా ఉంటుంది. కవలల మీద చేసిన అధ్యయనాలు చూస్తే మనుషుల మధ్య బరువు తేడాల్లో 40 నుంచి 70 శాతం దాకా వారసత్వమే. ఎవరి ఒళ్లు అయినా వాళ్ల నోటి వల్లే అనడానికి లేదు.

ఏడురోడ్ల_కాడ
చూశారా, వారసత్వం 70 శాతం అంటారు, మళ్లీ జన్యు పరీక్ష దండగ అంటారు. రెండూ ఒకే నోటితో.

జీవశాస్త్రం_మేడమ్
రెండూ నిజమే కాబట్టి. వారసత్వం వందల జన్యువుల్లో చెదిరి ఉంది. వాటిలోంచి ఒక్కదాన్ని పట్టుకుని "ఇదే దొంగ" అంటేనే నాకు అభ్యంతరం.

గుంతపొంగనం
మా డాక్టర్ మగాయన. మా అత్తగారు ఆయన ఎదుట తల కూడా ఎత్తరు. కాగితమే నయం మేడమ్.

కోడుమూరు_కోడలు
డి మాత్రల గురించి ఒక హెచ్చరిక. మా మామగారికి మోకాళ్ల నొప్పులని ఒక చిన్న క్లినిక్‌లో ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ వేశారు. కొన్నాళ్లకు ఇంకోటి. ఇంట్లో సాచెట్లు కూడా వేసుకుంటున్నారని వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. వాంతులు, మలబద్ధకం, ఊరికే దప్పిక, మాటల్లో తికమక. పక్షవాతం అనుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాం. చూస్తే కాల్షియం బాగా పెరిగిపోయి ఉంది, కిడ్నీలు దెబ్బతినే దాకా వచ్చింది. సెలైన్ మీద ఉంచి దించారు. జన్యువు మందకొడి కాబట్టి డోసు పెంచుకోవాలని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ల్యాబ్_లచ్చన్న
దీన్ని అందరూ రెండుసార్లు చదవండి. డి నీళ్లలో కరిగే బి-కాంప్లెక్స్ లాంటిది కాదు, మిగిలింది మూత్రంలో పోదు. రక్తంలో 150 దాటితే విషమే. డోసు రాయాల్సింది రక్తపరీక్ష చూసి, ఎఫ్ అక్షరం చూసి కాదు.

సీమ_సరుకు
నేను ఇంకా వారానికొకటి వేసుకుంటూనే ఉన్నా. ఆపాలా?

ల్యాబ్_లచ్చన్న
రాసిచ్చిన కోర్సు ఎన్ని వారాలో చీటీ చూడండి. అది దాటితే డాక్టర్‌ను అడగండి. నన్ను కాదు, నేను రక్తం తీసేవాడిని.

ప్రొద్దుటూరు_పుల్లయ్యమనవడు
మరి ఎండ సంగతి? ఏ టైంలో నిలబడాలి? పొద్దున ఏడు గంటల లేత ఎండ మంచిదని మా ఇంట్లో అంటారు.

జీవశాస్త్రం_మేడమ్
లేత ఎండలో డిని తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. మన ప్రాంతంలో ఎక్కువగా తయారయ్యేది 11 నుంచి 2 లోపు. ఇది తిరుపతిలోనే పరీక్షించి చెప్పిన మాట. అక్కడి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులే 2007లో ఇంకో పేపర్ వేశారు. ఆరోగ్యంగా ఉన్న మనలాంటి దక్షిణాది జనంలోనే డి తక్కువ, తిండిలో కాల్షియం తక్కువ, ఆ కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ అని. పల్లెలో పొలం పని చేసేవాళ్లు పట్నం వాళ్ల కన్నా మెరుగు, కానీ వాళ్లలోనూ తక్కువున్నవాళ్లు ఉన్నారు.

ఉగ్గాని_బజ్జి
మే నెలలో పన్నెండింటికి కర్నూలులో చొక్కా విప్పి నిలబడితే డి వస్తుందో రాదో గానీ 108 వస్తుంది.

జీవశాస్త్రం_మేడమ్
మే నెలలో వద్దు నాయనా. కార్తీకం, మాఘం రోజుల్లో చేతులు, కాళ్లు, వీపు తగిలేలా కాసేపు చాలు. చర్మం నల్లగా ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువసేపు పడుతుంది.

మగ్గం_ఇల్లు
ఆడవాళ్లం వీపు ఎట్లా తగిలిస్తాం మేడమ్, వీధిలో? మిద్దె మీదికి పోదామంటే చుట్టూ అపార్ట్‌మెంట్లు. సంగటి తింటే రాదా? మా అమ్మ రోజూ రాగి సంగటే.

జీవశాస్త్రం_మేడమ్
రాగుల్లో కాల్షియం బ్రహ్మాండంగా ఉంటుంది, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. డి మాత్రం ఉండదు. గుడ్డు పచ్చసొన, కొవ్వు చేపలు, ఎండకు పెట్టిన పుట్టగొడుగుల్లో కొంత ఉంటుంది. పాల ప్యాకెట్, నూనె ప్యాకెట్ మీద "ప్లస్ ఎఫ్" గుర్తు ఉంటే అందులో డి కలిపారని అర్థం. మీ అమ్మగారికి 7 అంటే తిండితో పూడదు. డాక్టర్ చేత మందు రాయించండి. ఆమెకు ఈ ఊబకాయం చర్చతో ఏమీ పని లేదు, ఎముకల కోసం వేసుకోవాలి.

సందేహాల_సుబ్బు
మా పాపకు తొమ్మిదేళ్లు, కాస్త బొద్దుగా ఉంటుంది. ఈ వీడీఆర్ పరీక్ష పాపకు చేయించమంటారా? స్కూల్లోనే క్యాంప్ పెట్టారు.

ల్యాబ్_లచ్చన్న
వద్దు. ఫలితం ఏదొచ్చినా చేయాల్సింది ఒకటే అయినప్పుడు పరీక్ష ఎందుకు? ఆ డబ్బుతో సైకిలు కొనండి.

గుంతపొంగనం
పాప చేతికి ఆ ఎర్ర అక్షరాల కాగితం ఇవ్వకండి. నాకు ముప్పై దాటాక వచ్చింది కాబట్టి అడ్డు పెట్టుకోవడానికి పనికొచ్చింది. తొమ్మిదేళ్లకు అది ముద్రలా మిగిలిపోతుంది.

బురుజు_బాబు
అందరికీ థాంక్స్. మా డాక్టర్‌ను కలిశా. జన్యు రిపోర్టు పక్కన పెట్టేసి షుగరు, థైరాయిడ్, కాల్షియం రాశారు. షుగర్ అంచు మీద ఉంది. డికి ఎనిమిది వారాల సాచెట్లు, తర్వాత మళ్లీ చూద్దామన్నారు. బరువు తగ్గడానికి కాదు, 11 ఉంది కాబట్టి అని రెండుసార్లు నొక్కి చెప్పారు.

కంపెనీకి ఫోన్ చేసి డబ్బు వెనక్కి ఇమ్మని అడిగా. రిపోర్టు చివరి పేజీ చూడమన్నారు. చూస్తే చీమల్లాంటి అక్షరాల్లో "ఈ నివేదిక సమాచారం కోసం మాత్రమే, రోగ నిర్ధారణకు ఉద్దేశించినది కాదు" అని ఉంది. "మరి ఎర్ర అక్షరాలు ఎందుకు పెట్టారు?" అంటే "అది డిజైన్ సర్" అన్నాడు ఆ అబ్బాయి.

ఏడురోడ్ల_కాడ
డిజైన్! ఇది బాగుంది.

తుంగభద్ర_గట్టు
షుగర్ అంచు అంటే ఎంత అన్నా? నాదీ ఒకసారి చూపించుకుంటా, కుర్చీ మనిషిని.

బురుజు_బాబు
పరగడుపున 112. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, 6.1. నువ్వు చూపించుకో, ఆలస్యం చేయొద్దు.

ఉగ్గాని_బజ్జి
ఇంతకీ వదిన మాట విన్నావా లేదా బాబన్నా? నా జీవనం నీ మీదే ఉంది.

బురుజు_బాబు
ఉగ్గాని ఉంది. బజ్జి ఆదివారానికి పోయింది. బేరం ఇంకా నడుస్తోంది.

కొత్తసభ్యుడు_తాడిపత్రి
ఇప్పుడే చేరాను. నాకు టాక్-1 అని వచ్చింది, ఫోక్-1 కాదు. నాకూ ఊబకాయం ముప్పే రాశారు. నాది వేరే కేసా?

ల్యాబ్_లచ్చన్న
టాక్-1 అయితే ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం కూడా మారదు. నాలుగో పోస్టు నుంచి చదువుకుంటూ రండి. మీ రిపోర్టులోనూ చివరి పేజీ చూడండి, అదే అబ్బాయి డిజైన్ చేసి ఉంటాడు.